గీతయు చుక్కయు



పూర్వము కరణముల యొద్ద నుండిన పొలముల కొలత పుస్తకమును మీలో పెద్దలు చూచియే యుందురు. అందు ఒక్కొక్క సర్వే నంబరునకు ఒక పటమును, ఆ పటమునందు గట్ల పొడవులు లింకులలో అంకెలుగను వ్రాయబడి యుండెడివి. ఆ పుట నలిగినను మాసినను, అంకెలు చదువ వచ్చినంతవఱకు పొలమును మరల గీయవచ్చును. ఎంత పెద్దదిగా కావలసిన నంత పెద్దదిగా గీయవచ్చును, గట్టు కదలదు. అట్లు గాక, ఆ పటముమీద పలుచని కాగితము పఱచి ఒకరు దిద్ది, ఆ దిద్దినదానిపై వేఱొకరు దిద్ది, నాలుగు చేతులు మాఱిన పిమ్మట చూచినచో గీత లావెక్కి, మూల మొద్దువాఱి యుండును. అయిదువేల పాళ్లకు ఒక పాలుగా గీసిన పటమున అర మిల్లీమీటరు లావు గీత యనగా నేలమీద రెండున్నర మీటర్ల వెడల్పు. ఆ పాటి నేలకొఱకు అన్నదమ్ములు న్యాయస్థానము మెట్లెక్కిన సంగతులు మీరు ఎఱుగనివి కావు.

నేటి ప్రసంగమునకు విషయము భూమి కాదు, అచ్చు. అయినను ప్రశ్న అదియే. గీతను ఒక చోటినుండి మఱియొక చోటికి పంపునపుడు దాని కొలతను పంపుదుమా, దాని నీడను పంపుదుమా? ఇప్పటి ముద్రణాలయములలో కంప్యూటరుమీద పుస్తకమును కూర్చువారిని మనవారు డీటీపీవారని పిలుచుచున్నారు. వారు పటమునుగాని అక్షరమునుగాని అచ్చునకు పంపుటను ఎక్స్‌పోర్టు చేయుట యందురు. పంపిన ప్రతిసారియు వారు ఈ ప్రశ్నకు తెలిసియో తెలియకయో ఒక సమాధానము చెప్పుచునే యున్నారు. సరియైన సమాధానము లోకమునకు ఎట్లు దొరికినదో ఆ వృత్తాంతమును మనవి చేసెదను.

గీత వేఱు, చుక్క వేఱు అను వివేకము అచ్చుపనికి క్రొత్త కాదు. సీసపు అక్షరముల కాలముననే బొమ్మలు అచ్చొత్తుటకు రెండు విధములైన బ్లాకులుండెడివి. కలముతో గీసిన బొమ్మకు లైను బ్లాకు. జింకు రేకుపై గీతలను మాత్రము నిలిపి, తక్కిన భాగమును ఆమ్లముచేత తినివేయించిన నిది సిద్ధమగును. ఫొటోగ్రాఫునకు హాఫ్‌టోను బ్లాకు. ఇది 1880వ దశకమున వాడుకలోనికి వచ్చినది. అడ్డముగను నిలువుగను సన్నని గీతలు గల గాజుపలక గుండ బొమ్మను మరల ఫొటో తీసి, నలుపు హెచ్చైనచోట పెద్ద చుక్కలు, తెలుపు హెచ్చైనచోట చిన్న చుక్కలు ఏర్పడునట్లు చేయుదురు. పాత వారపత్రికలోని బొమ్మపై భూతద్దము పెట్టి చూచిన ఆ చుక్కలు నేటికిని కనబడును. పని తెలిసిన ముద్రాపకుడు కలపు గీతలను గాని అక్షరములను గాని ఈ జల్లెడగుండ పోనిచ్చెడివాడు కాడు. ఏలయన, జల్లెడ దాటిన గీతకు అంచు మిగులదు; రంపపు పండ్లు మిగులును.

మన లిపికి ఈ హాని ఇతర లిపులకన్న నెక్కువ. రోమను అక్షరము నిలువు కమ్ములమీద నిలిచినది. తెలుగక్షరము వంపులమీద నిలిచినది. తలకట్టునకును దాని క్రింది వంపునకును నడుమ నుండు సందు, వత్తులోని సన్నని తోక, పొల్లు కొన, ఇవి పూడిపోయినచో పదమే మాఱిపోవును. 1746-47 సంవత్సరములలో జర్మనీ దేశపు హాలె పట్టణమున బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకములను అచ్చు వేయించినది మొదలు, చెన్నపట్టణమున 1816లో కాంబెల్ వ్యాకరణమును 1852లో బ్రౌను నిఘంటువును వెలువడు కాలము దాటి, శతాబ్దమునకు మించి మన అక్షరములకు లోహమే ఆధారమై యుండెను. ఉక్కు కమ్మి కొనపై అక్షరమును చెక్కి, దానిని రాగిలో దిగగొట్టి, ఆ గుంటలో సీసము పోసిన అక్షరము సిద్ధమగును. ఒక్కొక్క పరిమాణమునకు వేఱు వేఱుగ చెక్కవలసి యుండెను. శ్రమ యధికమే, కాని లోహపు అంచే గీతయొక్క అంచు. నడుమ వేఱొక నీడకు చోటు లేదు.

లోహము పోయి, ఫొటో పద్ధతియు దాని వెనుక కంప్యూటరును వచ్చినపుడు చిక్కు మొదలైనది. కంప్యూటరు సహజముగ అక్షరమును గళ్ల కాగితముమీద గళ్లు నింపినట్లు చుక్కలుగనే దాచుకొనును. చిన్న గళ్ల బొమ్మను పెద్దది చేసిన మెట్లు మెట్లుగ కనబడును. అమెరికాలో డొనాల్డ్ క్నూత్ అను ఆచార్యుడు కంప్యూటరు శాస్త్రముపై మహాగ్రంథమును రచించుచుండెను. దాని రెండవ సంపుటము తొలి ముద్రణము లోహాక్షరములతో చక్కగ వెలువడినది. మలి ముద్రణమునకు క్రొత్త యంత్రముపై కూర్చిన ప్రూఫులు 1977లో ఆయన చేతికి రాగా, వాని రూపము చూచి ఆయన మనసు విఱిగెను. గ్రంథరచన నాపి, అక్షరములను కూర్చు విధానమును, అక్షరములను గణితముచే గీయు విధానమును తానే నిర్మించుటకు పూనుకొనెను. టెక్, మెటాఫాంట్ అను నవి యవియే. ఒక పండితుడు తన పుస్తకము అందముగ లేదని పుస్తకమునే ప్రక్కన పెట్టి ఏండ్ల తరబడి అక్షరములు చెక్కుకొనుచు కూర్చుండుట కొందఱికి వింతగ తోచవచ్చును. నాకు మాత్రము ఆయనపై మిక్కిలి గౌరవము. అయినను ఒక లోటుండెను. మెటాఫాంట్‌లో అక్షరమును గణితముచే వర్ణించినను, యంత్రమునకు చేరునది ఆ యంత్రపు సాంద్రతకు తగిన చుక్కల రూపమే. యంత్రము మాఱిన చుక్కలను మరల పుట్టింపవలెను.

వంపు గీతను అంకెలలో బంధించు ఉపాయము ఇంతకు చాల ముందే పుట్టియుండెను. అది పుట్టినది ముద్రాక్షరశాలలో కాదు, ఫ్రాన్సు దేశపు మోటారు బండ్ల కర్మాగారములలో. అక్కడి బాధయు కరణము పటము బాధ వంటిదే. బండి పైరేకు వంపును చిత్రకారుడు గీయును. దానినిబట్టి ఒకడు మట్టితో నమూనా చేయును. దానినిబట్టి వడ్రంగి కొయ్య అచ్చులు కోయును. వానినిబట్టి ఉక్కు అచ్చు తయారగును. ఒక్కొక్క చేతిలో వంపు కొంచెము మాఱును. కట్టకడపట రెండు రేకులు కలియకపోయినచో, వీనిలో ఏది ప్రమాణమని తగవు. 1959లో సిట్రోయెన్ కర్మాగారమున పాల్ ద కాస్తెల్‌జో అను గణితజ్ఞుడు దీనికి పరిష్కారము కనుగొనెను. ఆ సంస్థవారు దానిని రహస్యముగ దాచిరి. 1960వ దశకమున రెనో కర్మాగారపు ఇంజనీరు పియేర్ బెజియే స్వతంత్రముగ అట్టి దానినే సాధించి ప్రకటించెను. కావున నేడు ఆ వంపులకు బెజియే వంపులని పేరు. దాచినవాని పేరు పద్ధతికి నిలిచినది, ప్రకటించినవాని పేరు ఫలమునకు నిలిచినది.

ఆ ఉపాయమును మీరు చీపురుపుల్లతో నేలమీద గీచి చూడవచ్చును. నాలుగు చుక్కలు పెట్టుడు. మొదటిదియు కడపటిదియు వంపుయొక్క కొనలు. నడిమి రెండును వంపును తమవైపునకు లాగునవి. నాలుగింటిని వరుసగ కలుపగా మూడు గీతలు వచ్చును. మూడింటికిని నడిమి చుక్కలు గుర్తించి వానిని కలుపుడు. రెండు గీతలు వచ్చును. ఆ రెండింటి నడిమి చుక్కలను కలుపుడు. ఒక గీత వచ్చును. దాని నడిమి చుక్క మీ వంపుమీద నుండును. నడిమికి బదులు మూడవవంతు వద్ద, పదవవంతు వద్ద ఇట్లే చేసికొనుచు పోయినచో వంపంతయు ఏర్పడును. మన యాడపడుచులు వాకిట ముగ్గు నేర్పునపుడు ఇన్ని చుక్కలు, ఇట్లు కలుపుము అని నోటితో చెప్పుదురుగాని, వాకిలిని ఎత్తి పొరుగింటికి పంపరు కదా! ఇదియు నంతే. నాలుగు చుక్కల స్థానములు, అనగా ఎనిమిది అంకెలు తెలిసిన చాలును. వంపు గోరంత కావలసినను గోడంత కావలసినను అదే వంపు వచ్చును. ఇట్టి బొమ్మనే నేడు వెక్టారు బొమ్మ యందురు. గళ్లు నింపిన బొమ్మకు బిట్‌మ్యాపు అని పేరు.

ఈ వంపులను అచ్చునకు తెచ్చినవారిలో ముఖ్యుడు జాన్ వార్నాక్. ఆయన కాలిఫోర్నియాలో జెరాక్సు సంస్థవారి పరిశోధనశాలలో చార్లెస్ గెష్కేతో కలిసి పుటను వర్ణించు నొక భాషను నిర్మించెను. సంస్థవారు దానిని బయటికి విడుచుటకు ఇష్టపడరైరి. అంతట నిద్దఱును 1982లో వెలికి వచ్చి, వార్నాక్ ఇంటి వెనుక పాఱు వాగు పేరిట అడోబీ అను సంస్థను నెలకొల్పిరి. 1984లో పోస్ట్‌స్క్రిప్టు అను భాషను వెలువరించిరి. దాని సారమిది: పుటను బొమ్మగా పంపక ఆజ్ఞలుగా పంపుట. ఇచ్చటికి పొమ్ము, ఈ నాలుగు చుక్కల వంపు గీయుము, దానిని మూసి లోన నలుపు నింపుము. ఈ విధముగ పుటయంతయు వ్రాయబడును. ఆజ్ఞలను చదివి చుక్కలుగా మార్చు భారము అచ్చు యంత్రముదే. అదియు చిట్టచివరి క్షణమున, తన శక్తి యెంతయో అంత నాణ్యముగ మార్చును.

మఱుసటి సంవత్సరము, అనగా 1985, ఈ చరిత్రమున మఱపురానిది. జనవరిలో ఆపిల్ సంస్థవారు లేసర్‌రైటరు అను యంత్రమును ప్రకటించిరి. వెల 6,995 డాలర్లు. అంగుళమునకు 300 చుక్కలు. జూలైలో పాల్ బ్రైనెర్డ్ స్థాపించిన ఆల్డస్ సంస్థనుండి పేజ్‌మేకర్ వెలువడెను. అయిదువందల యేండ్లనాటి వెనీసు ముద్రాపకుడు ఆల్డస్ మానుటియస్ పేరును సంస్థకు పెట్టుకొనుట వారి భక్తిని తెలుపును. అక్షరములు పోతపోసి పేరు గడించిన లైనోటైపు సంస్థవారును అదే భాషను చదువగల యంత్రములను చేసిరి. వానిలో గొప్పవి ఫిల్ముమీద అంగుళమునకు 2540 చుక్కలు వేయగలవు. లెక్క చూడుడు. ఏ-4 కాగితమునకు 300 వంతున సుమారు 87 లక్షల చుక్కలు. 2540 వంతున సుమారు 62 కోట్లు. బొమ్మనే పంపవలసి వచ్చినచో రెండు యంత్రములకు రెండు వేఱు వేఱు మూటలు కట్టవలెను. ఆజ్ఞలను పంపినచో ఒకే చీటి రెండింటికిని చాలును. బల్లమీది చిన్న యంత్రముపై ప్రూఫు చూచుకొని, అదే చీటిని పట్టణపు పెద్ద యంత్రమునకు పంపిన నక్షరము కత్తికోతవలె దిగును. చిన్న ముద్రాపకునికి సైతము పెద్ద యచ్చు అందుబాటైనది దీనివలననే.

అయితే మార్గము నడుమ గుంటలు లేకపోలేదు. వానిని గూర్చియే కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. మన యూళ్లలో అచ్చు చెడునది తఱచుగ అక్కడనే.

మొదటిది సాక్షిచిత్రపు మోసము. ఒక వెక్టారు బొమ్మను పుటలో అతికించుటకు ఈపీఎస్ అను సంచి ఏర్పడినది. అందు అసలు ఆజ్ఞలతోపాటు, తెఱమీద చూపుటకు ముతకయైన చుక్కల బొమ్మ యొకటి ఉండవచ్చును. పోస్ట్‌స్క్రిప్టు తెలిసిన యంత్రము ఆజ్ఞలను చదివి శుద్ధమైన గీత గీయును. తెలియని యంత్రము సాక్షిచిత్రమునే అచ్చొత్తును. ఆ కాలపు మాకింటోషు తెఱకు అంగుళమునకు 72 చుక్కలు. అట్టి బొమ్మను 2540 చుక్కల యంత్రమున కిచ్చిన ఒక్కొక్క చుక్కయు యంత్రపు చుక్కలు 35 వెడల్పుగల పలక యగును. మెట్లు కంటికి స్పష్టముగ కనబడును. విచిత్ర మేమనగా, అచ్చునకు చక్కగ వచ్చు బొమ్మయే తెఱమీద ముతకగ కనబడి, అది చెడినదని భ్రమించి, తెఱమీద నున్నగ కనబడు చుక్కల బొమ్మను దాని స్థానమున పెట్టినవారును కలరు. ఇచ్చట కన్ను సాక్ష్యము చెల్లదు.

రెండవది సన్నగీత. పోస్ట్‌స్క్రిప్టులో గీత వెడల్పు సున్న అని వ్రాసినచో, ఆ యంత్రము వేయగల యతి సన్నని గీత వేయుమని అర్థము. 300 చుక్కల యంత్రమున అది మిల్లీమీటరులో 0.08 పైచిలుకు, కంటికి కనబడును. 2540 చుక్కల యంత్రమున 0.01, ప్లేటుమీద నిలువదు, కాగితముమీద కనబడదు. ప్రూఫులో నున్న పొలిమేర గీత పుస్తకమున మాయమగుట ఇట్లే. గీతకు వెడల్పు అంకె తప్పక ఈయవలెను. పాయింటులో నాలుగవవంతు, అనగా సుమారు 0.09 మిల్లీమీటరు, దానికి తగ్గనీయరాదు.

మూడవది జేపెగ్ అను మూట. 1992లో ప్రమాణమైన ఈ పద్ధతి ఫొటోగ్రాఫుల కొఱకు పుట్టినది. బొమ్మను ఎనిమిది చుక్కలు పొడవు, ఎనిమిది చుక్కలు వెడల్పుగల గళ్లుగా కోసి, కన్ను గుర్తుపట్టని వివరములను పాఱవేసి బరువు తగ్గించును. మేఘమునకు, ముఖమునకు ఇది తగును. నల్లగీతకు తెల్లకాగితము ప్రక్కన నుండు అంచే ప్రాణము కదా. ఆ యంచు చుట్టును మురికి పట్టును. హాఫ్‌టోను జల్లెడలో అక్షరమును పోసిన పాత తప్పే ఇది, క్రొత్త వేషమున. చేతివ్రాత ప్రతివలె చుక్కలుగా తీయక తప్పని నలుపు గీతలను అంగుళమునకు 1200 చుక్కల వంతున తీయవలెను. ఫొటోగ్రాఫునకు 300 చాలును.

ఇట్టి చిక్కులను తగ్గించుటకే వార్నాక్ మరల పూనుకొనెను. పోస్ట్‌స్క్రిప్టు నడచు కార్యక్రమమువంటిది. నడుమ నెక్కడనైన తడబడి నిలువవచ్చును. నడక ముగిసిన ఫలితమును మాత్రము, గీతలు గీతలుగనే, అక్షరములు అక్షరములుగనే మూటకట్టి, అక్షర రూపములనుగూడ అందే చేర్చి పంపిన ఎచ్చట విప్పినను ఒకే రీతిగ కనబడును. ఆ మూటయే 1993లో వెలువడిన పీడీఎఫ్. 2001లో అచ్చుపని కొఱకే పీడీఎఫ్-ఎక్స్ అను అంతర్జాతీయ నియమావళి ఏర్పడెను. ఫాంట్లు లోపలనే యుండవలెను, రంగులు అచ్చు సిరాల లెక్కలో నుండవలెను అనునవి అందలి ముఖ్య విధులు. 2008లో పీడీఎఫ్ కూడ ఒక సంస్థ సొత్తుగాక అంతర్జాతీయ ప్రమాణమైనది. నియమావళి యున్నను కూర్చువాని జాగ్రత్త వేఱుగ నుండవలయును. తెఱ రంగులను సిరా రంగులుగా అజాగ్రత్తగ మార్చినచో నల్లని అక్షరము నల్లసిరాతో గాక నాలుగు సిరాల కలయికతో అచ్చగును. కాగితము వెండ్రుకవాసి జరిగిన వత్తుల చుట్టును రంగుల నీడలు పట్టును. నల్ల అక్షరమునకు నల్లసిరా ఒక్కటే చాలును.

ఇక మన లిపి సంగతి. పేజ్‌మేకర్ వంటివి ఇంగ్లీషు నుద్దేశించి చేయబడినవి. కావున తెలుగు ఫాంట్లు చేసినవారు ఇంగ్లీషు అక్షరముల స్థానములలోనే తలకట్లను, గుడులను, కొమ్ములను, వత్తులను ముక్కలు ముక్కలుగ కూర్చిరి. ఒక్కొక్కరి వరుస యొక్కొక్క విధము. ఆ ఫాంటు లేని కంప్యూటరుమీద ఆ పుస్తకమును విప్పిన తెలుగునకు బదులు అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు కనబడును. ఆ భయముచేత డీటీపీవారు ఒక యుపాయమును అలవఱచుకొనిరి. అచ్చునకు పంపుటకు ముందు అక్షరములన్నింటిని కర్వులుగా మార్చుట, అనగా క అను అక్షరమును అక్షరముగ గాక క ఆకారముగల వట్టి వంపుల బొమ్మగా మార్చుట. అచ్చు చెడదు, రూపము చెక్కుచెదరదు. చిన్న యంత్రముల కొఱకు ఫాంటులో పొందుపఱచిన సవరింపు సూచనలు పోవుటచేత గీత కొంచెము లావగునుగాని, పెద్ద యంత్రమున ఆ భేదము తెలియదు.

నష్టము వేఱొకచోట నున్నది. వంపుగా మాఱిన క మరల క కానేరదు. ఆ మూటలో ఒక పదమును వెదకుటకు వీలులేదు. అచ్చుతప్పు దిద్దుటకు వీలులేదు. ఇరువదియేండ్ల తరువాత మలి ముద్రణము వేయబూనినచో మొదటినుండి మరల కూర్చవలసినదే. గీత దక్కినది, అక్షరము పోయినది. 1991లో వెలువడిన యూనికోడు మొదటి ప్రమాణముననే తెలుగక్షరములకు వాని స్వంత స్థానములు దొరికినవి. కాని పుటలు కూర్చు పెద్ద సాధనములు వానిని సంయుక్తాక్షరములతో సరిగ కూర్చుటకు చాలకాలము పట్టెను. ఇన్‌డిజైన్ అను దానికి ఆ నేర్పు స్వయముగ వచ్చినది 2012లో. నడిమి రెండు దశాబ్దములలో మన పుస్తకములెన్నియో చూడ చక్కనివై, వెదక శక్యముకానివై మిగిలినవి. నా దృష్టిలో ఇది చిన్న నష్టము కాదు. బ్రౌను నిఘంటువువంటి గ్రంథమును ఎవరైన కర్వులుగా మాత్రమే దాచిరేని, అందులో పదమును వెదకువాడు 1852లో వలెనే పుటలు త్రిప్పవలసి వచ్చును.

కావున ఊరి చరిత్రమునో, వంశవృక్షమునో, దేవాలయ శాసనముల ప్రతినో అచ్చు వేయించు పెద్దలు డీటీపీవారిని రెండు ప్రతులు అడుగవలయును: ఫాంట్లు లోపలనుంచిన పీడీఎఫ్ ఒకటి, యూనికోడు తెలుగులో అక్షరములు అక్షరములుగనే యున్న కూర్పు ప్రతి యొకటి. పటములున్నచో వానిని గీసిన వెక్టారు మూలమునుగూడ తీసికొనవలయును. అడుగనివారికి ఇవి తఱచుగ ఈయబడవు. పుస్తకములు చేతికి వచ్చిన కొన్నాళ్లకు ఆ కంప్యూటరులో చోటు చాలక తుడిచివేయబడును.